గడ్డి అయిపోయినా గుడారం విప్పలేదు

ఘైషా తల్లీ, ఇక్కడ అందరం కులాసా, చిక్కిపోయింది మేకలే. నువ్వు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చేసరికి మేం ఎటో తరలిపోతామని బెంగపెట్టుకోకు. గడ్డి అయిపోయి చుట్టుపక్కల వాళ్లంతా వెళ్లిపోయారు. మీ తాతయ్య కూడా, "ఏమే, మేకలు ఇక రాళ్లు మేస్తాయా? గుడారం విప్పు" అన్నారు. "గుడారం ఆడదాని సొత్తు. ఒంటె మీది, ఎక్కి వెళ్లండి" అన్నాను. ఆయన మేకల్ని మీ మామయ్యతో మేతకు పంపేసి, తాను ఇక్కడే ఉండిపోయారు.

కాళ్ల వాపు తగ్గిందా? దారిలో ఆగదేజ్ బజారులో పంచదార, తోలు కుట్టే సూది కొనుక్కురా. బిడ్డకు పేరు పెట్టాకే ఇక్కణ్నుంచి కదులుతాం. తప్పిపోయిన ఒంటెను వెతకాలంటూ తాతయ్య రోజూ దిబ్బెక్కి నువ్వొచ్చే దారికేసి చూస్తున్నారు. మన ఒంటెలన్నీ గుడారం పక్కనే ఉన్నాయి. నువ్వూ, నీ కడుపులో బిడ్డా చల్లగా రండి.

అమ్మమ్మ