మరల సాఫ్ట్‌వేరు, మా అమ్మ ఫోను

సోమవారం, 1. ఉదయం 9:10

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

ఇరవై ఐదో తారీకులోపు గేజుల గదికి సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటాను. ఎంచుకుని ఊరుకోను, గేజుల వివరాలన్నీ, గడువు తేదీలతో సహా, అందులోకి ఎక్కిస్తాను. పాత ఎక్సెల్ షీటుకు ఇక సెలవు. అది నాకు ముందున్నాయన తయారుచేసింది. అందులో ఎర్ర రంగంటే గడువు దాటిందనా, పనికిరాదనా, లేక ఆయనకు ఎరుపంటే ఇష్టమా? ఆయనకే తెలియాలి. ఆయన ఫోను ఎత్తడు.

రేపెవరైనా ఈ డైరీ చదివితే అర్థం కావాలి కదా. మా అక్క బోల్టుల ఫ్యాక్టరీ నడుపుతుంది. బావ మెషిన్లు చూస్తాడు. నేను గేజులు చూస్తాను. బోల్టు మీద మర సరిగ్గా వచ్చిందో లేదో గేజు చెబుతుంది. గో రింగు బోల్టు మీదికి చివరిదాకా ఎక్కాలి, నోగో రింగు రెండు చుట్లు తిరిగేలోపు ఆగిపోవాలి. అంతే సంగతి. మరి గేజే సరిగ్గా ఉందో లేదో ఎవరు చెప్పాలి? నేను! ఏడాదికోసారి ఒక్కోదాన్నీ పరీక్షించి, బాగుంటే కొత్త తేదీ చీటీ అంటిస్తాను. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు.

ఇరవై ఐదున పంపుల కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. మా బోల్టుల్లో సగం ఆ కంపెనీకే పోతాయి. అక్క పొద్దున్నే పిలిచింది.

"ఒరేయ్, ఆవేళకి రికార్డులన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. లేదా, గేజుల గది తాళంచెవి మీ బావ చేతికిస్తా. నువ్వు ప్యాకింగ్‌లోకి పో."

వెనకాల బావ నవ్వు దాచుకోలేదు. ఫ్యాక్టరీ మొత్తానికి ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. వేడికి ఇనుము సాగుతుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ ఇరవై డిగ్రీలుండాలి. తన కుర్చీ ఏ మూల పడుతుందో బావ అప్పుడే టేపు పెట్టి కొలుచుకున్నాడు. నా కళ్ళ ముందే!

ఇవ్వను. ఆ గది నాది. ఆ చల్లదనం, ఆ నూనె వాసన, చెక్కపెట్టెల్లో వరసగా పడుకున్న రింగులు. ప్రపంచంలో నేను తడుముకోకుండా తిరిగే చోటు అదొక్కటే.

నియమాలు:
ఒకటి. మూడంటే మూడు సాఫ్ట్‌వేర్లే చూడాలి.
రెండు. వారంలో తేల్చాలి.
మూడు. పోలికల పట్టికలు వెయ్యకూడదు.

మా ఆవిడకు చదివి వినిపించాను. "వాషింగ్ మెషిన్ కొనేటప్పుడూ ఇవే చెప్పారు" అంది. ఆ మెషిన్ ఎంచి తెచ్చేసరికి ఆవిడ చేత్తో బట్టలుతుకుతూ ఏడాది గడిపేసింది. అది వేరే విషయం.

మంగళవారం, 2

పదకొండు దొరికాయి. మూడు ఎంచాలంటే పదకొండునూ చూడాలి కదా? చూసినవి గుర్తుండాలంటే రాసుకోవాలి కదా? రాసుకున్నది గళ్ళలో రాసుకుంటే తప్పా?

చిన్న పట్టిక. ఆరు గళ్ళే.

గురువారం, 4. మధ్యాహ్నం

పట్టిక పద్దెనిమిది గళ్ళయింది.

ఒక సాఫ్ట్‌వేర్ చూశాను. అబ్బబ్బ! వ్యాసం, రెండు మరల మధ్య దూరం ఇస్తే చాలు, మర కొలతలన్నీ లెక్కగట్టి పెడుతుంది. బొమ్మ కూడా గీస్తుంది. దాన్ని మౌసుతో పట్టుకుని గిరగిరా తిప్పొచ్చు. అరగంట తిప్పాను. నూటికి పైగా రకాల మరలు తెలుసట దానికి. చమురు బావుల గొట్టాల మరలు కూడా! మేం చేసేది మూడు రకాలు. మాకు చమురు బావి లేదు. అయినా ముందుచూపు ఉండాలి.

"మీ అవసరం ఏమిటి సార్?" అని అడిగాడు డెమో ఇచ్చినతను.

"అన్నీ" అన్నాను.

మంగళవారం, 9

వారం అయిపోయింది. రెండో నియమంలో వారమంటే పనిదినాల వారం. సెలవులు తీసేస్తే ఇంకా టైముంది.

నాలుగు మిగిలాయి. నాలుగూ ఉచితంగా వాడి చూడొచ్చు, కానీ కొన్నాళ్ళే. నేను బొమ్మ తిప్పుతూ ఉండగానే రెండింటి గడువు అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాలంటే కొత్త ఈమెయిలు కావాలట. మా ఆవిడని అడిగితే, "నా పేరు మీద మరలూ వద్దు, మేకులూ వద్దు" అంది. అమ్మ పేరు మీద నాలుగింటిలోనూ కొత్తగా చేరాను. ఫోను నంబరూ అమ్మదే. ఎంత తెలివి!

నమూనాకి ఒక్క గేజు ఎక్కించాను. ఇరవై మిల్లీమీటర్ల గో రింగు. పంపుల కంపెనీ బోల్టులన్నీ దాంతోనే చూస్తారు. నాలుగింటిలోనూ వివరాలన్నీ నింపాను. గడువు తేదీతో సహా. చక్కగా కూర్చుంది! మిగతా గేజులు రేపు.

గురువారం, 11. సాయంత్రం

అమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్ నాన్నా, ఎవరో కుర్రాడు ఫోన్ చేశాడురా. 'మేడమ్, మీ దగ్గర గేజులెన్ని ఉన్నాయి' అన్నాడు. నా దగ్గరేముంటాయి నాయనా, మోకాళ్ళ నొప్పులున్నాయన్నాను. పాపం, వాళ్ళమ్మక్కూడా ఉన్నాయట. గంటసేపు మాట్లాడాడు. ఆ పిల్లాడి దగ్గరే కొను."

పట్టికలో కొత్త గడి పెట్టాను: అమ్మకు నచ్చినది. దానికి అయిదు మార్కులిస్తే ఆ కుర్రాడిది మొదటి స్థానంలోకి వచ్చేసింది. ఇది న్యాయం కాదు. రెండు మార్కులకు తగ్గించాను.

సోమవారం, 15

ఈ రోజు పని జరగలేదు. కారణాలు: నెట్ నెమ్మదిగా ఉంది. కుర్చీ కిర్రుమంటోంది. మౌసు జారుతోంది. బావ భోజనం డబ్బా పట్టుకుని గదిలోకొచ్చి, గది ఇరవై రెండు డిగ్రీలకు వేడెక్కేదాకా కూర్చుని పోయాడు.

"ఏమోయ్ బావమరిదీ, ముహూర్తం కుదిరిందా? సంబంధాలు చూసే పెద్దమనుషులు కూడా ఇన్ని వంకలు పెట్టరు కదా!"

"పట్టిక పూర్తికావాలి బావా."

"ఆ పట్టిక కూడా బోల్టయితే ఈపాటికి మర అరిగిపోయేది."

అమ్మ ఫోన్. డెమోలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తానన్నాను.

బుధవారం, 17

ముప్పై ఎనిమిది గళ్ళు! గడువు దగ్గరపడితే ఏది బాగా గుర్తుచేస్తుంది అన్నదానికే నాలుగు గళ్ళు: ఎన్ని రోజుల ముందు, ఎన్నిసార్లు, ఎంత గట్టిగా, ఏ రంగులో. చాలా ముఖ్యమైన విషయం. ఉదయమంతా దాని మీదే ఉన్నాను.

అమ్మ ఫోన్. డెమో. తర్వాత.

శుక్రవారం, 19

మార్కులు కూడి చూశాను. రెండు సమానంగా వచ్చాయి. మళ్ళీ కూడి చూశాను. మూడు సమానంగా వచ్చాయి!

అక్క తలుపు దగ్గర నిలబడి, "అయిందా?" అంది. "అయినట్టే" అన్నాను. అక్క గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

అమ్మ ఫోన్. ఎత్తలేదు.

బుధవారం, 24

నిండా మునిగినవాడికి చలేమిటి. ఎక్సెల్ షీటు ప్రింటు తీశాను. ఎర్రవన్నీ నల్లగా వచ్చాయి. ఇన్‌స్పెక్టరు మంచివారైతే చాలు. అన్నీ చూడరు. ఎప్పుడూ చూడరు. ఒకటో రెండో తీసి చూస్తారు.

గురువారం, 25. సాయంత్రం

ఒకటే తీసి చూశారు.

ఇన్‌స్పెక్టరు ఆడమనిషి. కళ్ళద్దాలు, మెల్లటి గొంతు. తిన్నగా మెషిన్ల దగ్గరకు నడిచి, ఆపరేటరు చేతిలోని ఇరవై మిల్లీమీటర్ల గో రింగు అడిగి తీసుకున్నారు. వెనక్కి తిప్పి చీటీ చదివారు.

"దీని గడువు పన్నెండున అయిపోయిందండీ."

ఆ తేదీని నాలుగింటిలోనూ నింపింది నేనే.

"పన్నెండు నుంచి దీంతో ఎన్ని బోల్టులు చూశారు?"

"అన్నీ" అన్నాడు బావ. రింగు అరిగిపోయి ఉంటే, ఈ పదమూడు రోజుల బోల్టులూ తుక్కు కిందే లెక్క. గోడ పక్కన పెట్టెలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. బావ నా వైపు తిరిగి, ఎప్పుడూ లేనిది, ఎగతాళి లేకుండా మాట్లాడాడు. "మావాళ్ళు ఆదివారాలు కూడా వచ్చి చేశారు. వాళ్ళకేం చెప్పమంటావ్?"

పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"గడువులకి ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"నాలుగండి."

"ఏదీ గుర్తుచెయ్యలేదా?"

"నాలుగూ చేసే ఉంటాయండి."

"ఎవరికి?"

"మా అమ్మకి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అక్క అక్కడే అమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది.

"అవునే! పన్నెండో తారీకు నుంచి ఫోను ఒకటే గోల. గడువు దాటింది, గడువు దాటింది అని. నా మాత్రలేమో అనుకుని డబ్బాడు మాత్రలూ పారేసి కొత్తవి తెచ్చుకున్నాను. అయినా ఆగలేదు. పచ్చళ్ళు కూడా పారేశాను. వాడికి చెబుదామని మూడుసార్లు చేస్తే, డెమోలో ఉన్నాను, డెమోలో ఉన్నానంటాడు. ఆ డెమో ఎక్కడుందే, ఎప్పుడు చూసినా అక్కడే ఉంటాడు?"

ఆ క్షణాన గది తాళంచెవి జేబులోంచి తీసి అక్క చేతిలో పెట్టాను. అడగకుండానే.

"ఇప్పుడు కాదు" అని అక్క దాన్ని నా చేతిలోనే మూసింది. "ముందు ఆ రింగు సంగతి తేల్చు."

రింగును గదిలోకి తీసుకెళ్ళాను. కడిగి, తుడిచి, రాతి బల్ల మీద పెట్టాను. అది చల్లబడి ఇరవై డిగ్రీలకు వచ్చేదాకా తాకకూడదు. బావ తలుపు బయటే నిలబడ్డాడు. తన ఒంటి వేడి గదికి తగలకూడదని తనంతట తనే. ఇన్నేళ్ళలో మొదటిసారి.

రెండు గంటలు.

తర్వాత చేతి తొడుగులు వేసుకుని పరీక్ష ప్లగ్గులు, అంటే రింగులోకి తిప్పి చూసే మర కడ్డీలు, తీశాను. మొదటి ప్లగ్గు రింగులోకి సాఫీగా దిగాలి. దిగింది. రెండోది అరుగుదల ప్లగ్గు. అది దిగకూడదు. ఒక చుట్టు దాటి లోపలికి పోయిందా, రింగు అరిగిపోయినట్టే, పెట్టెలన్నీ తుక్కే.

తిప్పాను. పావు చుట్టు. అర చుట్టు. ముప్పావు...

ఆగింది.

తీసి, తుడిచి, మళ్ళీ తిప్పాను. అక్కడే ఆగింది. ప్లగ్గు ఇన్‌స్పెక్టరు చేతికిచ్చాను. ఆవిడా తిప్పి చూశారు. ఆగింది.

"రింగు బాగుంది. బోల్టులు బాగున్నాయి" అన్నారు ఆవిడ, నా వైపు చూస్తూ. మూడో మాట అనలేదు. రాసుకున్నారు: నెల రోజుల్లోగా గడువులకు ఒక్క పద్ధతి. ఒక్కటే.

బావ లోపలికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "చెయ్యి వణకలేదోయ్ నీది. నావి రెండూ వణికాయి."

కళ్ళు చెమర్చాయి. ఏసీ వల్ల అని చెప్పాను.

శుక్రవారం, 26

అక్క తీర్పు: "తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. కంప్యూటర్ మాత్రం బావకిస్తున్నా. సాఫ్ట్‌వేర్ ఎంచే పని కూడా."

గదిలో కంప్యూటర్ ఉన్నచోట ఖాళీ. రింగుల పెట్టెలు అటు జరిపాను. ఇప్పుడు గది ఇంకా బాగుంది.

పనిలో పనిగా, అమ్మకు నచ్చిన ఆ కుర్రాడి దాంట్లో అక్క ఒక్క పూటలో గేజులన్నీ ఎక్కించేసింది. "మీరు తేల్చేదాకా ఇది ఉండనీ" అంది. అమ్మ పేరు మీదే, అమ్మ నంబరుతోనే. ఆ కుర్రాడు అమ్మ కోసం ఉచిత గడువు పెంచాడట.

బుధవారం, 1. ఉదయం 9:05

బావ వచ్చాడు. చేతిలో పెద్ద కాగితం, నాలుగుగా మడిచింది.

"బావమరిదీ, పద్నాలుగు ఉన్నాయోయ్! ఒకదాంట్లో అయితే మర బొమ్మని తిప్పొచ్చు..."

"తెలుసు. కూర్చో."

కొత్త నెల, కొత్త మనుషులం! ఈ నెలలో సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటాం. ఇద్దరం కలిసి.

నియమాలు:
ఒకటి. మూడంటే మూడే.
రెండు. వారంలో తేల్చాలి.
మూడు. పట్టికలు లేవు.
నాలుగు. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తాలి.

"మూడోది కొంచెం సడలించవోయ్" అన్నాడు బావ, కాగితం విప్పుతూ. "ఆరు గళ్ళు. అంతే."

ఆరేగా. ఫరవాలేదు.

ఫోను మోగింది. ఎత్తాను.

"ఒరేయ్ నాన్నా, పదహారు రింగుకి ఇంకా అయిదు రోజులే ఉందట. చూసుకో. డెమోలో ఉన్నావా?"

"లేనమ్మా" అన్నాను. "గదిలో ఉన్నాను."

పదహారు మిల్లీమీటర్ల రింగు తీసి, తుడిచి, రాతి బల్ల మీద పెట్టాను. బావను బయటికి పంపి తలుపు వేశాను. ఇరవై డిగ్రీలుంది. పట్టిక సంగతి భోజనం తర్వాత చూస్తాం.