ప్రోటీనుకి నాన్న వైరింగ్

సోమవారం, ఉదయం 6:00
పాపకి వచ్చే సోమవారం బయాలజీ పరీక్ష. ఇరవైకి పదహారొస్తే సైన్స్ పోటీ జట్టులో చోటు. ప్రోటీన్ నిర్మాణం ఒక్కటే కొరుకుడు పడట్లేదట. ట్యూషన్ పెట్టించమంది. నేనుండగా ట్యూషనా! పాతికేళ్ల ఎలక్ట్రీషియన్ని. పాఠంలో మొత్తం నాలుగు అంచెలు, రోజుకొకటి. గురువారానికి అయిపోవాలి!

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. "నేను చెప్పనా?" అంది. అక్కర్లేదన్నాను.

సాయంత్రం 7:00
మొదటి అంచె: అమైనో ఆమ్లాల గొలుసు. ఓస్, ఇంతేనా! రకాలు ఇరవై. వైరు ముక్కలతో గొలుసు చేసి చూపిద్దామంటే నా దగ్గర మూడు రంగులే. సర్దుకోవాలి.
"ఏది ముందు, ఏది వెనక నాన్నా?"
"ఏ వరుసైతే ఏంటమ్మా? బల్బులు ఎటు నుంచి బిగించినా వెలుగుతాయి."
రాసుకుంది. నా బంగారం!

మంగళవారం
రెండో అంచె. గొలుసు స్ప్రింగులా చుట్టుకోవాలి, లేదా విసనకర్రలా మడతలు పడాలి. నాది ససేమిరా వంగదు. ప్రతి కీలూ సోల్డరింగ్ చేశాను మరి. పనితనం అలాంటిది.

బుధవారం
చదవలేదు. ఎవరింట్లోనో ఫ్యూజు పోయింది. పది నిమిషాల పనే, కానీ టీ ఇచ్చారు. కూర్చోకపోతే బాగుండదు.

గురువారం
మూడో అంచె: గొలుసంతా ఉండలా ముడుచుకోవాలట. పుస్తకం తెరిచాను. నేనే ముడుచుకుని పడుకున్నాను.

శనివారం
నాలుగోది ఏ పేజీలో ఉందో! తప్పు పుస్తకం రాసినవాడిది.

ఆదివారం
వంటింట్లో తల్లీకూతుళ్లు. మా ఆవిడ పెనం మీద గుడ్డు కొట్టింది. "చూడు, వేడికి మడతలన్నీ విడిపోయి, చిక్కుపడి గట్టిపడింది. గొలుసు మాత్రం తెగలేదు." తర్వాత హిమోగ్లోబిన్: నాలుగు గొలుసులు కలిసి ఒక్కటిగా పనిచేస్తే అదే నాలుగో అంచె. ఇరవై నిమిషాల్లో మూడు అంచెలూ అయిపోయాయి!
"మరి మొదటిది?" అంది మా ఆవిడ.
"అది నాన్న చెప్పేశాడుగా."
ఎంత పొంగిపోయానో.

బుధవారం
పదిహేను మార్కులు. రెండు, మూడు, నాలుగు అంచెలకి ఒక్కోదానికీ ఐదుకి ఐదు. మొదటిదానికి గుండు సున్నా. "వరుస ఏదైనా పర్లేదు" అని రాసింది. పక్కన టీచర్ ఎర్రసిరా: "వరుసే ప్రాణం! అది మారితే మడతే మారిపోవచ్చు."
పాప దగ్గరికొచ్చి, "అమ్మకి చెప్పకు నాన్నా, నిన్ను తిడుతుంది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

గురువారం, సాయంత్రం 6:00
టీచర్ని కాళ్లావేళ్లా పడి మళ్లీ పరీక్షకి ఒప్పించాను. సోమవారమే. మా ఆవిడకి జరిగిందంతా చెప్పేశాను. ఈసారి వాళ్లమ్మే చెబుతుంది. నేను పక్కన కూర్చుని నేర్చుకుంటాను. నోరెత్తను. ఒట్టు!

6:10
నోరెత్తాను. ఇద్దరూ కలిసి బయటికి పంపి తలుపేసుకున్నారు. రేపటి నుంచి మాత్రం ఖచ్చితంగా ఎత్తను.