సరోజ ఆంటీ అడిగిన లడ్డూ

గురువారం రాత్రి, ఫరీదాబాద్

రెండో కీమో తర్వాత జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే విసుగొచ్చి ఇవాళ గుండు చేయించుకున్నాను. ఇంటికొస్తుంటే లిఫ్టులో కింది ఫ్లాటు సరోజ ఆంటీ కనిపించింది. కాకినాడ మనిషి. నా రొమ్ము క్యాన్సర్ సంగతి ఆవిడకి తెలియదు.

"అచ్ఛా, తిరుపతి వెళ్లొచ్చావా? లడ్డూ ఏదమ్మా?" అంది.

విడమరిచి చెప్పే ఓపిక లేక, "రేపిస్తానాంటీ," అన్నాను.

"ఏం మొక్కుకున్నావేంటి?"

"ఒంట్లో బాగుండాలని."

"తలనీలాలు ఇచ్చావంటే కోరిక తీరినట్టేగా, ఇంకేం!"

ఆవిడ నవ్వుతూ దిగిపోయింది. రేపు లడ్డూ ఎక్కడి నుంచి తేవాలో!

ఇంకా నాలుగు కీమోలున్నాయి. కోరిక తీరాక ఇవ్వాల్సిన జుట్టు నేను ముందే ఇచ్చేశాను. స్వామి ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.