పదకొండో పిట్ట

అక్కయ్యకు, అందరం కులాసా, కంగారు పడకు.

ఆదివారమైనా నాకు తీరిక ఉండదని దెప్పుతావుగా, ఇప్పుడు ఉంటోంది. పొద్దున్నే నేనూ, నీ మరదలూ, నీ మేనకోడలూ బాల్కనీలో కళ్లు మూసుకుని కూర్చుంటాం. కొత్త పిట్ట గొంతు వినిపించినప్పుడల్లా ఒక వేలు మడవాలి, అదీ ఆట.

మొన్న నావి ఆరు వేళ్లే మడతపడ్డాయి. పిల్ల తన పదీ అయిపోయి, పదకొండో పిట్టకు నా వేలు లాగి మడిచింది. "దొంగాట!" అన్నాను. "కళ్లు తెరు నాన్నా, అదుగో, కుండీ మీదే పాడుతోంది!" అంది.

చూశాను. బొటనవేలంత పిట్ట. ముక్కు తెరిచి ఉంది, గొంతు ఆగకుండా వణుకుతోంది. నాకు మాత్రం ఒక్క చప్పుడూ వినిపించడం లేదు. తల్లీకూతుళ్లు మైమరచి వింటున్నారు. రోజుకు నలభై మంది చెవులు పరీక్షించే డాక్టర్ని, బారెడు దూరంలో నోరు వెళ్లబెట్టి చూస్తూండిపోయాను. ఇంత పాట ఇన్నాళ్లూ నా పక్కనే ఉందా అని ఒళ్లు జలదరించింది.

సోమవారం నా మిషన్ మీద నన్ను నేనే పరీక్షించుకున్నాను. మరీ సన్నటి శబ్దాలు అందడం లేదు. వయసుతో వచ్చేదే, భయం లేదు.

మీ అటక మీద నా పాత బైనాక్యులర్స్ ఉండాలి, పంపించు. వినలేనివాటిని చూడనైనా చూస్తాను. బావ మోకాలు ఎలా ఉంది?

అన్నట్టు, మీ పెరట్లోకి చిన్న పిట్టలు రావడం మానేశాయని నాలుగేళ్లుగా బాధపడుతున్నావు. రేపు పొద్దున నీ మనవరాలిని పెరట్లో కూర్చోబెట్టి వేళ్లు మడవమను. నువ్వు దాని మొహం చూస్తూ ఉండు.

దానికి ముద్దులు, మీ ఇద్దరికీ దండాలు.

నీ చెవుల డాక్టరు తమ్ముడు