మేనమామ బూటు సోల్

ఫిబ్రవరి 3, సోమవారం
ఉదయం 9:20. రోప్‌వే మెట్ల మీద స్కీ బూట్లతో జారిపడ్డాను. అక్క చూసింది.
శనివారం అక్క కూతురు ఆఫ్రా పెళ్లి, కొండ మీది చర్చిలో. రోప్‌వే దిగిన చోటి నుంచి చర్చి దాకా మంచు దారిలో కేకు మోసేది మేనమామ. అంటే నేను. పెళ్లయ్యాక అందరం స్కీల మీదే దిగుతాం. కాబట్టి వేరే బూట్లు కుదరవు.
"ఒరేయ్ విన్సెంజ్, కేకు పెళ్లికొడుకు బాబాయికి ఇచ్చేయనా?" అంది నోట్‌బుర్గా అక్క.
తీర్మానం: సరైన సోల్ ఎంచుకుంటాను. జారకుండా బూట్ల మీద ఊలు మేజోళ్లు తొడిగే అమ్మమ్మ పద్ధతికి మాత్రం దిగను. పత్రికలో పనిచేసేవాణ్ని. ఊళ్లో పరువుంది.

మంగళవారం
కోర్బినియన్ కొట్టు. స్కీ సామాన్లు అమ్ముతాడు. నా పాత సోల్ చదును, గట్టి ప్లాస్టిక్. కొత్తది రబ్బరు, కింద లోతు గాట్లు, మడమ నుంచి వేళ్ల దాకా కాస్త వంపు. అడుగు దానంతటదే ముందుకు పడుతుంది. మరలు విప్పి మార్పించాను.
బేకరీకి నడిచాను. ఆఫీసుకి నడిచాను. పడలేదు!

బుధవారం
భోజనానికీ అవే బూట్లు. అద్భుతం!
మధ్యాహ్నం స్కీ ఎక్కబోతే బూటు దాన్ని పట్టి ఉంచే క్లిప్పులో కూర్చోలేదు.
"నీ క్లిప్పులు పాతకాలంవిరా, చదును సోల్‌కే పనికొస్తాయి," అన్నాడు కోర్బినియన్. "బలవంతంగా ఇరికిస్తే, పడ్డప్పుడు బూటు ఊడదు. కాలు ఊడుతుంది."
"నిన్ననే చెప్పొచ్చుగా?"
"నడవాలన్నావు. జారాలని చెప్పావా?"
పాత సోల్ మళ్లీ బిగించాడు.

గురువారం
సోల్‌కి తగిలించే రబ్బరు తొడుగులు కొన్నాను. నడిచేటప్పుడు పెట్టుకోవాలి, స్కీ ఎక్కేటప్పుడు తీసేయాలి. మనసు మార్చుకోవడం ఓటమి కాదు.
సాయంత్రం: కుడి తొడుగు లిఫ్టు కుర్చీలోంచి లోయలో పడింది. గాలి ఎక్కువ. నా తప్పేం లేదు.

శుక్రవారం
ఒక్క తొడుగుతో, పింగాణీ పళ్లెం పట్టుకుని నడక సాధన. పళ్లెం దక్కలేదు. కోర్బినియన్ దగ్గర తొడుగులు అయిపోయాయి.
అక్కకి చెప్పలేదు. ఊరు చెప్పింది.

శనివారం
ఉదయం 10:50. దారి అద్దంలా గడ్డకట్టింది. పెళ్లికొడుకు బాబాయి అప్పుడే చేతులు చాపి నిలబడ్డాడు.
ఆఫ్రా పెళ్లి గౌను కాస్త ఎత్తింది. స్కీ బూట్ల మీద బూడిదరంగు ఊలు మేజోళ్లు!
"మీ అమ్మమ్మవే," అంది. "నీకోసం నాన్నవి తెచ్చాను మామయ్యా. బొక్కలున్నాయి, సర్దుకో. పంతం రేపు పట్టుదువుగాని."
తొడుక్కున్నాను. ఒక్క అడుగూ జారలేదు. కేకు చేరింది.
అక్క ఏడ్చింది. తర్వాత నా కాళ్లు చూసి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. మా పత్రిక ఫొటోగ్రాఫర్ కేకు తియ్యలేదు. కాళ్లు తీశాడు.

ఆదివారం
ఫొటో రేపు మూడో పేజీలో.
తీర్మానం మళ్లీ మొదలు: సరైన సోల్. మేజోళ్లు లేవు.
సోమవారం ఉదయం 8:30, కోర్బినియన్ కొట్టు. వంపు సోల్‌కి సరిపడే కొత్త క్లిప్పులు చూపిస్తాడట. కొట్టు మెట్ల మీద మంచు ఉంటుందని కబురు. మేజోళ్లు సంచిలో పెట్టాను, ఆఫ్రాకి తిరిగివ్వడానికి.