అనుమానం లేదండి

జూన్ 3
నిన్న సాయంత్రం మా బామ్మర్దిని పోలీసులు పట్టుకెళ్లారు. బైకు దొంగతనమట. వాడు దుకాణాలకీ వీధులకీ బోర్డులు రాసుకుంటాడు. నా బండి వెనక కూర్చుంటేనే కళ్లు మూసుకుని నా నడుం వాటేసుకుంటాడు. వాడే గనక బైకు ఎత్తుకెళ్లి ఉంటే, భుజానేసుకుని మోసుకెళ్లి ఉండాలి. స్టేషన్లో ఈ మాటే అన్నాను. కేసులు రాసే రైటర్ నవ్వాడు. లోపలికి మాత్రం వెళ్లనివ్వలేదు.

జూన్ 4, ఉదయం
పోయాడు.

జూన్ 4, సాయంత్రం
గుండె ఆగిందని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. పోయినవాళ్లందరికీ ఆగేది గుండే కదా. ఎవరు ఆపారని మా ఆవిడ అడిగింది. కూర్చోమ్మా, మంచినీళ్లు తాగమ్మా అన్నాడు.
మార్చురీలో దుప్పటి తీసి తమ్ముడి కాళ్లు చూసింది. అరికాళ్లు రెండూ నల్లగా కమిలి, ఉబ్బి ఉన్నాయి. అదేమిటని అడిగితే, పారిపోతూ పరిగెత్తాడట. లాకప్పులో ఎంత దూరం పరిగెత్తాడో చెప్పలేదు.

జూన్ 5
అసలు సంగతి వీధంతటికీ తెలుసు. మార్కెట్ దగ్గర ‘నో పార్కింగ్’ బోర్డు రాసింది మావాడే. దాని కిందే ఇన్‌స్పెక్టర్ రోజూ తన సొంత కారు పెడతాడు. పోయినవారం మావాడు ఆ కారు పక్కన నిలబడి సెల్ఫీ దిగి, నా చేతిరాత సారుకి అర్థం కావడం లేదు కాబోలు అని రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఊరంతా నవ్వింది. అంతకుమించి ఆ ఇద్దరి మధ్యా ఏ తగువూ లేదు.
నలుగురు నవ్వితే ఓర్చుకోగలవాడికే లాఠీ ఇవ్వాలి.

జూన్ 6
మా పెదనాన్న కొడుకు వచ్చాడు. ఇన్‌స్పెక్టరే పంపాడని మొహమే చెబుతోంది. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నవాళ్లు ఉండాలి కదా, ఎవరి మీదా అనుమానం లేదని ఓ ముక్క చెప్పేసి శవాన్ని తెచ్చుకోండి అన్నాడు.
మా ఆవిడ తలెత్తకుండానే అంది: “కాల్చేస్తే దెబ్బలు కూడా కాలిపోతాయి బావగారూ.”
ఇక్కడ చేసిన పోస్టుమార్టం చాలదు, వేరే ఊరి డాక్టరు మళ్లీ చూసేదాకా తమ్ముణ్ని తేవద్దంది. అన్నయ్య కాఫీ తాగకుండానే లేచాడు. అదొకటి మిగిలింది.

జూన్ 7
విచారణకి పెద్దాఫీసరు వచ్చాడు. పక్కనే ఇన్‌స్పెక్టర్, చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా.
ఎవరి మీదా అనుమానం లేదు కదా అని ఆఫీసరు అడిగాడు.
“అనుమానం లేదండి,” అన్నాను.
ఇన్‌స్పెక్టర్ మొహం విప్పారింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు.
“అనుమానం కాదండి, నమ్మకం. ఈయనే చంపాడు.”
నా మాటకి ఎవరూ నవ్వకపోవడం ఇదే మొదలు. రాసుకోండి అన్నాను. రాసుకున్నాడు. మళ్లీ పోస్టుమార్టం చేయిస్తానన్నాడు.

జూన్ 8
నా పంక్చర్ షాపుకి కానిస్టేబుల్ వచ్చి గాలి కొట్టించుకున్నాడు. రోజూ ఏ దారిన ఇంటికెళ్తావని అడిగాడు. వెళ్తూ డబ్బులిచ్చాడు. అప్పుడు భయమేసింది.

జూన్ 11
రెండు పక్కటెముకలు విరిగాయని కొత్త డాక్టరు రాశాడు. మావాణ్ని ఇవాళే సాగనంపాం. ఇన్‌స్పెక్టర్ని సెలవు మీద పంపారట. పాపం, అలిసిపోయి ఉంటాడు.

జూన్ 12
చెప్పిన మాట సరిచేసుకుందువు రమ్మని స్టేషన్ నుంచి ఫోను. నన్నొక్కణ్నే రమ్మన్నారు. మా ఆవిడ అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇది రాయడం అయ్యాక నేనూ చొక్కా వేసుకుంటాను.