మూడు దాటాక వచ్చిన కవరు

చిరంజీవి పెద్దమ్మాయికి, అమ్మ ఆశీస్సులు.

మీ నాన్న నడుం నొప్పి తప్పిస్తే ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వేళకి తింటున్నానని రాశావు, నమ్మమంటే నమ్ముతాను. ఫోనులో అడిగితే మాట మారుస్తున్నానని, "ఇక లిఖితపూర్వకంగా అడుగుతున్నాను, లిఖితపూర్వకంగానే జవాబివ్వు" అని ఉత్తరం పంపావు చూడు, చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. లాయరువనిపించుకున్నావే! సరే, వరసగా చెబుతాను.

నా మోకాలు పరవాలేదు, మందు మానలేదు. చెల్లి పరీక్షలయ్యాయి, రోజంతా నిద్రే. మీ నాన్నకి మాత్రం కాళ్ళు నేలమీద నిలవడం లేదు. నువ్వు వచ్చేస్తున్నావని కుట్టు మిషను వెనక గదిలోకి మార్చి, ముందు గది నీ ఆఫీసుకని ఖాళీ చేశారు. ఆ మిషను మోసే నడుం పట్టేసింది. "ఇక ప్యాంటు పొట్టయిందని ఎవడైనా గొడవకొస్తే కోర్టులోనే తేల్చుకుంటాను" అని బట్టలిచ్చే వాళ్ళందరికీ చెబుతున్నారు.

మా ఆఫీసు సంగతి అడిగావు. పాత లాయరుగారు మానేసినప్పటి నుంచి మా మునిసిపాలిటీ తరఫున కోర్టులో నిలబడే దిక్కు లేదు. స్థలాల తగాదాలు, కాలువల గొడవలు, ఇంటి పన్నుల దావాలు, అన్నీ కలిపి ముప్పై ఒకటి వాయిదాల మీద నడుస్తున్నాయి. మా కాలువ నీళ్ళకి గోడ కూలిన ఇస్త్రీ కొట్టావిడ నెలనెలా కోర్టుకి వెళ్ళొచ్చి, "ఇవాళా మీ వాళ్ళెవరూ రాలేదమ్మా" అని నా కౌంటరు దగ్గర చెప్పి పోతుంది. అందుకే బయటి లాయర్లని దరఖాస్తులు పెట్టుకోమన్నారు. పదకొండు కవర్లొచ్చాయి. మార్కుల్లో నువ్వే మొదట నిలిచావు. అది నిజం, ఎవరూ కాదనలేరు.

ఇక, కొరియర్ ఆలస్యమైందేమోనని నువ్వు మూడుసార్లు అడిగిన ప్రశ్న. నీ కవరు వేళకి అందిందా?

అందలేదమ్మా.

ఆ రోజు మూడింటికి గడువు. నా పని నీకు తెలుసుగా, వచ్చిన కవరు మీద తేదీ, టైము ముద్ర కొట్టి పెట్టెలో వెయ్యడం. మూడూ అయిదుకి ఒక పెద్ద లాయరుగారు ఆయాసపడుతూ వచ్చారు. బస్సు చెడిపోయిందట. "అయిదు నిమిషాలేగా తల్లీ" అన్నారు. "రూలు రూలేనండీ" అని కవరు వెనక్కి తోశాను. ఆయన వెళ్ళిన కాసేపటికి కొరియర్ అతను నీ కవరు తెచ్చాడు. అప్పుడు మూడూ ఇరవై. నీ చేతిరాత చూశాను. గదిలో ఎవరూ లేరు. ముద్రలో అంకెలు వెనక్కి తిప్పి, రెండూ యాభై అని కొట్టేశాను. పెట్టెలో వేసేశాను.

"మా అమ్మ ఇదే కార్యాలయంలో పనిచేస్తున్నారు" అని దరఖాస్తులో నువ్వే రాశావట. కమిషనర్ గారు అది చదివి, "ఆవిడ చేతిలో ఏముంది, ముద్ర కొట్టడమేగా" అని నవ్వి నిన్ను ఖాయం చేశారు. ఫైళ్ళు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

మొన్న సోమవారం ఆ పెద్ద లాయరుగారు వేరే పని మీద వచ్చారు. నన్ను గుర్తుపట్టి, "మీలాంటి వాళ్ళు ఆఫీసుకి ఒక్కరున్నా చాలమ్మా. ఆ రోజు తప్పు నాదే" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ రోజు అన్నం డబ్బా మూత తియ్యలేదు. కమిషనర్ గారి గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసి, కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

ఎంపిక రద్దయింది. మళ్ళీ ప్రకటన ఇస్తారు. నీ తప్పేమీ లేదని ఫైల్లో రాశారు, నువ్వు మళ్ళీ పెట్టుకోవచ్చు. కానీ ఊరి నోరు మూయించడం ఎవరి తరం? నన్ను జనన మరణాల విభాగానికి మార్చారు, విచారణ ఉంటుందట. ఇస్త్రీ కొట్టావిడకి ఇంకో రెండు నెలలు పడిగాపులు. మీ నాన్నకి నిన్ననే చెప్పాను. బట్ట పెట్టకుండానే గంటసేపు మిషను తొక్కుతూ కూర్చున్నారు.

ఫోనులో ఎందుకు చెప్పలేదంటావా? నీ గొంతు వింటే ఇంకో అబద్ధం ఆడేస్తానని భయం వేసింది.

అక్కడ గది వదిలేస్తానని ఇంటివాళ్ళకి చెప్పేశావు, నాకు తెలుసు. నీ చదువుతో తెచ్చుకున్న మొదటి స్థానాన్ని నీ చేతిలోంచి లాక్కున్నది నేనే తల్లీ. నువ్వు ఇంటికి రావాలన్న ఆశకొద్దీ చేశాను. నువ్వు తలెత్తుకుని రాలేకుండా చేశాను. ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా సరే, అడగను. కోపం మాత్రం అక్కడ ఒక్కదానివే దిగమింగుకోకు. ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని తిట్టు.

ఇట్లు,
చేతులారా నీ కొంప ముంచిన
మీ అమ్మ